హాజరు పట్టీలో మనం రాస్తున్న అబద్ధం

సంపాదకులకు నమస్కారాలు.

ఉన్నత పాఠశాల విద్యార్థుల హాజరు గురించి మన రాష్ట్రంలో ఎప్పుడు మాట వచ్చినా అది 75 శాతం అనే అంకె దగ్గర మొదలై అక్కడే ముగుస్తోంది. ఆ అంకె దాటితే పిల్లవాడు బడికి వచ్చినట్టు, దాటకపోతే రానట్టు. నేను ముప్పై రెండేళ్లపాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. అందులో ఎక్కువ కాలం కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోనే గడిచింది, చివరి నాలుగేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. హాజరు నియమం మీద నాకు గౌరవం ఉంది. పిల్లలు బడికి క్రమం తప్పకుండా రావాలన్న మాటలో రెండో అభిప్రాయానికి తావు లేదు. కానీ ఆ నియమాన్ని మనం అమలు చేస్తున్న తీరు పిల్లవాణ్ని కాకుండా పట్టీని కాపాడుతోందనీ, ఆ పట్టీలో రాసే అబద్ధానికి నాలాంటి ఉపాధ్యాయులే బాధ్యులమనీ చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. తొమ్మిది, పది తరగతుల బడి కూడా దాదాపు ఆ లెక్కలోనే నడుస్తుంది. 220లో 75 శాతం అంటే 165 రోజులు. మిగిలిన 55 రోజులు రాకపోయినా నియమం ఒప్పుకుంటుంది. ఈ 55 రోజులు ఏడాది పొడవునా అక్కడొకటి ఇక్కడొకటిగా పోతే నష్టం ఒక రకం, ఒకే గుత్తగా పోతే నష్టం వేరు. సంక్రాంతి సెలవులు ముగిసిన రోజు నుంచి మార్చి మూడో వారం దాకా బడి ముఖం చూడని పిల్లవాడు కూడా, అంతకుముందు రోజూ వచ్చి ఉంటే, 75 శాతం గీతకు పైనే ఉంటాడు. ఆ రెండు నెలల్లో తొమ్మిదో తరగతి లెక్కల్లో వృత్తాలు, ఘనపరిమాణాలు, సంభావ్యత అయిపోతాయి. మరుసటి ఏడు పదో తరగతిలో స్పర్శరేఖల పాఠం మొదలుపెట్టేటప్పటికి వాడికి జ్యా అంటే ఏమిటో తెలియదు. నియమం దృష్టిలో మాత్రం వాడు క్రమం తప్పని విద్యార్థి. ఇంకొక పిల్లవాడు వారానికి ఒక్క రోజు, సంత రోజున, నాన్న వెంట ఎద్దుల బేరానికో కూరగాయల గంప మోయడానికో వెళతాడు. వాడి హాజరు 83 శాతం ఉంటుంది. వాడు మెచ్చుకోదగిన విద్యార్థుల జాబితాలోకి కూడా ఎక్కవచ్చు. ఆరు రోజుల్లో ఒకటి తగ్గడం వల్ల ఏ పాఠమూ మొదలు నుంచి చివర దాకా వినలేదన్న సంగతి శాతంలో కనిపించదు.

సంక్రాంతి నుంచి మార్చి దాకా అని ఊరికే ఉదాహరణకు చెప్పలేదు. మా పడమటి మండలాల్లో, అంటే ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం చుట్టుపక్కల, దీపావళి దాటగానే ఊళ్లు ఖాళీ కావడం మొదలవుతుంది. మేము దాన్ని సుగ్గికి పోవడం అంటాం. ముందు పత్తి ఏరడానికి, ఆ తర్వాత గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే బొలెరోల్లో, ఐచర్ బండ్లలో బయలుదేరతాయి. బండి మీద పైన మూటలు, బియ్యం సంచులు, వంటపాత్రలు, వాటి మధ్య ముసలివాళ్లు, చంటిపిల్లలు, బడి పిల్లలు. వానాకాలం పంట చేతికి రాని ఏడాది ఈ ప్రయాణం ఇంకా ముందే మొదలవుతుంది. కిలో లెక్కన కూలి ఇచ్చే చేలలో పన్నెండేళ్ల పిల్లవాడి చేతులు కూడా ఇంటి సంపాదనలోకి వస్తాయి. అందుకే వాణ్ని ఊళ్లో అవ్వ దగ్గర వదిలిపోవడానికి తల్లిదండ్రులకు మనసు ఒప్పుకోదు, వీలూ కుదరదు. ఉగాదికి తిరిగి వస్తారు. మిరపకాయల ఘాటుకు పిల్లల వేళ్ల సందుల్లో చర్మం పొక్కి ఉంటుంది. మొదటి వారం పెన్ను పట్టుకుంటే మంట పుడుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట నేను తొమ్మిదో తరగతికి తరగతి ఉపాధ్యాయుణ్ని. అందులో ఒక కుర్రాడు రేఖాగణితంలో నన్ను ఆశ్చర్యపరిచేవాడు. నల్లబల్ల మీద నేను బొమ్మ గీసి, ఏది నిరూపించాలో చెప్పక ముందే, ఏ రెండు త్రిభుజాలు సర్వసమానాలో వేలు పెట్టి చూపించేవాడు. సంక్రాంతి తర్వాత ఒక ఉదయం వాడి తల్లి బడికి వచ్చి తలుపు పక్కన నిలబడి, "సారూ, మా వాని పేరు కొట్టేయొద్దు. ఉగాదికల్లా వచ్చేస్తాము. వానికి సదువంటే పాణం" అంది. బండి ఊరి బయట ఆగి ఉందట. నేను సరేనన్నాను. ఆ రోజు నుంచి మార్చి చివరిదాకా ప్రతి ఉదయం వాడి పేరు ఎదురుగా ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాని మీద అడ్డంగా ఇంకో గీత వేస్తూ వచ్చాను. మేము హాజరు అలాగే వేసేవాళ్లం, రెండు పూటలా వస్తే రెండు గీతలు కలిసి ఇంటూ గుర్తు అవుతుంది. వాడొక్కడికే కాదు, ఆ ఏడాది నా తరగతిలో పదకొండు మందికి అలా వేశాను. దయతో వేస్తున్నానని అనుకున్నాను. ఏడాది చివర పట్టీ చూస్తే నా తరగతి హాజరు బడి మొత్తంలో మొదటి స్థానంలో ఉంది.

ఫలితం ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ మరుసటి ఏడాది వలస వెళ్లే పిల్లల కోసం ఊళ్లోనే తాత్కాలిక వసతి గృహం, మా వైపు అందరూ సీజనల్ హాస్టల్ అనే దాన్ని, తెరవడానికి బడుల నుంచి లెక్కలు అడిగారు. కిందటి ఏడాది ఎంతమంది పిల్లలు సుగ్గికి వెళ్లి చదువు పోగొట్టుకున్నారో పట్టీ ఆధారంగా రాసి పంపాలి. మా పట్టీ ప్రకారం ఎవరూ వెళ్లలేదు. నా తరగతి పదకొండు మందీ జనవరిలోనూ ఫిబ్రవరిలోనూ బడిలోనే కూర్చుని ఉన్నారు. తక్కిన తరగతుల ఉపాధ్యాయులూ నాలాంటి దయగలవాళ్లే. మా ఊరికి హాస్టల్ రాలేదు. ఆ కుర్రాడు పదో తరగతిలోనూ జనవరిలో బండెక్కాడు, పరీక్షలకు వచ్చి రాశాడు, లెక్కల్లో తప్పాడు. ఇప్పుడు బెంగళూరులో బేల్దారి పని చేస్తున్నాడు. రెండేళ్ల కిందట ఊరి జాతరలో కలిసి నా కాళ్లకు దండం పెట్టాడు. "మీరు పేరు కొట్టేయకుండా కాపాడినారు సార్" అన్నాడు. నేను వాడి పేరును కాపాడాను, వాణ్ని కాదు. వాడు బడిలో లేడని ఆ రోజే ఎర్ర సిరాతో రాసి ఉంటే, వాడి కోసం ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయక తప్పేది కాదు. లేని పిల్లవాణ్ని ఉన్నట్టు చూపించి, వాణ్ని వెతికే పనిని నేనే ఆపేశాను.

ఈ అబద్ధం నా ఒక్కడిదే అయితే పత్రికకు రాసేవాణ్ని కాదు. హాజరుకు డబ్బు ముడిపడిన తర్వాత దాని బరువు పెరిగింది. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మ ఒడి ప్రారంభమైనప్పుడు పిల్లవాడికి 75 శాతం హాజరు ఉండాలన్న షరతు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన తల్లికి వందనం విషయంలోనూ 75 శాతం మాట వినిపించింది. బడికి పంపిన తల్లికి సాయం చేయడం మంచి పని. మా ప్రాంతంలో ఆ డబ్బుతో సుగ్గి ప్రయాణం మానుకున్న కుటుంబాలను నేను కళ్లారా చూశాను. అయితే ఒక తల్లి ఖాతాలో పడే వేల రూపాయలు తన చేతి గీత మీద ఆధారపడి ఉన్నాయని తెలిసిన ఉపాధ్యాయుడు, ఆ తల్లి ముఖం చూసి, ఆ గీత వేయకుండా ఉండటం ఎంత కష్టమో తరగతి గదిలో నిలబడినవాళ్లకే తెలుస్తుంది. దానికితోడు మధ్యాహ్న భోజనం లెక్క హాజరు మీదే నడుస్తుంది, బడి గ్రేడూ హాజరు మీదే నడుస్తుంది. ఉపాధ్యాయుల కోసం, పిల్లల కోసం ముఖ గుర్తింపు యాప్‌లు తెచ్చింది ఈ దొంగ హాజరును అరికట్టడానికే. వాటిని నేను వ్యతిరేకించను. యంత్రం అబద్ధం రాయదు, అది నిజమే. కానీ ఈ పిల్లవాడు ఈ రోజు ఎందుకు రాలేదన్న ప్రశ్న యంత్రం అడగదు. ఆ ప్రశ్న అడిగే మనిషి లేనప్పుడు నిజమైన హాజరు లెక్క కూడా ఒక అంకెగానే మిగిలిపోతుంది.

చట్టం ఈ ప్రశ్న అడగమనే చెప్పింది. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి వాళ్లకు తెలియజేయాలంది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణానికి 2002లో చేర్చిన 'కె' ఖండం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అంది. కానీ ఈ రెండూ పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతాయి. ఎనిమిదో తరగతి దాకా పిల్లవాణ్ని బడి నుంచి తొలగించకూడదు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే ఆ రక్షణ పోతుంది. వరుసగా రాకపోతే పేరు కొట్టేయవచ్చు. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని నిషేధించింది గానీ, పద్నాలుగు నిండిన వాళ్లను ప్రమాదకరమైన పనుల నుంచి మాత్రమే తప్పించింది. అంటే పిల్లవాడు పనికి పనికొచ్చే వయసు, ఆడపిల్ల పెళ్లికి వచ్చిందని ఊరు అనుకునే వయసు ఏదో, సరిగ్గా ఆ వయసులోనే చట్టం చేయి వదిలేస్తోంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం 18 ఏళ్ల దాకా చదువు అందరికీ అందాలని చెబుతోంది. ఆ మాట నిలబడాలంటే ఉన్నత పాఠశాలలో హాజరును ఎనిమిదో తరగతి కంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. మనం తక్కువగా చూస్తున్నాం.

ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఇదే అబద్ధం నడుస్తోందని చెప్పక తప్పదు. పట్టణాల్లో పిల్లల పేరు ఒక బడిలో ఉంటుంది, వాళ్లు కూర్చునేది ప్రవేశ పరీక్షల శిక్షణ కేంద్రంలో. కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి నిబంధనల ప్రకారం పది, పన్నెండు తరగతుల పరీక్షలు రాయడానికి 75 శాతం హాజరు కావాలి, అనారోగ్యం వంటి కారణాలకు ఆధారాలు చూపితేనే మిగతా 25 శాతంలో సడలింపు దొరుకుతుంది. ఆ నిబంధనను ఉల్లంఘించి ఇలా పేరుకు మాత్రమే విద్యార్థులను చేర్చుకున్నందుకు 2024 నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలోని 21 బడుల గుర్తింపును ఆ మండలి రద్దు చేసింది. మన ఇంటర్మీడియట్‌లో హాజరు తగ్గినవాళ్లు రుసుము కట్టి పరీక్ష రాసే దారి ఎప్పటినుంచో ఉంది. రాని రోజులకు డబ్బు కట్టి సరిచేసుకోవచ్చని పదహారేళ్ల పిల్లవాడికి నేర్పడం నాకు ఏనాడూ సరైన పని అనిపించలేదు. డబ్బున్న ఇంటి పిల్లవాడు సౌకర్యం కోసం, లేని ఇంటి పిల్లవాడు కూలి కోసం బడిలో లేకుండా ఉన్నట్టు నమోదవుతున్నారు. ఇద్దరికీ మనం నేర్పుతున్నది ఒకటే, పట్టీలో ఏం రాసినా నడుస్తుందని.

ఇక విద్యార్థుల బాధ్యత. హాజరు గురించి మాట్లాడేటప్పుడు మనం తల్లిని, ఉపాధ్యాయుణ్ని, ప్రభుత్వాన్ని లెక్కలోకి తీసుకుంటాం. పదమూడు, పద్నాలుగేళ్ల విద్యార్థిని మాత్రం సంచితో పాటు తెచ్చి పెట్టే వస్తువుగా చూస్తాం. నా అనుభవంలో ఆ వయసు పిల్లలకు బాధ్యత అప్పగిస్తే మోస్తారు. నా తప్పు తెలిసివచ్చిన తర్వాత నేను మొదట చేసిన పని చాలా చిన్నది. ఎనిమిదో తరగతిలో శాతాల పాఠం చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకంలోని లాభనష్టాల లెక్కలతో పాటు వాళ్ల హాజరు లెక్కలనే ఇచ్చాను. జూన్‌లో 15 పనిదినాలు, నువ్వు 12 రోజులు వచ్చావు, ఎంత శాతం? ప్రతి నెల చివరి రోజున ప్రతి పిల్లవాడూ తన శాతం తానే లెక్కగట్టి నోట్సు చివరి పేజీలో రాసుకోవాలి. పక్కన ఇంకో వరుసలో, రాని రోజులకు కారణం. కారణం నిజమే రాయాలి, ఏ కారణానికీ దెబ్బలు ఉండవు, తిట్లు ఉండవు అని మాట ఇచ్చాను. మొదటి నెల అందరూ 'జ్వరం' అని రాశారు. మూడో నెలకల్లా నిజాలు రావడం మొదలైంది. 'చెప్పులు తెగినాయి.' 'గొర్రెలు కాయను పోయినాను.' 'నాన్న తాగి పుస్తకాలు చించినాడు.' 'ఇంగ్లీషు పరీక్ష అని భయపడి రాలేదు.' నేను పదేళ్లు పాఠం చెప్పినా తెలియని సంగతులు ఆ చివరి పేజీల్లో తెలిశాయి.

సెలవు చీటీ కూడా అంతే. చాలా బడుల్లో సెలవు చీటీ అంటే తండ్రి వేలిముద్రో సంతకమో ఉన్న కాగితం, ఒక్కోసారి ఆ సంతకం పిల్లవాడే పెట్టుకుంటాడు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు సెలవు చీటీ తామే తమ మాటల్లో రాయాలని నేను పట్టుబట్టాను. దానికి మూడు సంగతులు ఉండాలి. ఎందుకు రాలేకపోతున్నాను, ఎన్ని రోజులు, పోయిన పాఠం ఎవరి దగ్గర నేర్చుకుంటాను. ఒక అమ్మాయి రాసిన చీటీని నేను ఇప్పటికీ దాచుకున్నాను. "సార్, మా చెల్లికి జ్వరం. అమ్మ పత్తి ఏరను పోయింది. చెల్లి కాడ నేను ఉండాల. రెండు రోజులు సెలవు ఇయ్యండి. లెక్కలు నా పక్క బెంచీ అమ్మాయి దగ్గర రాసుకుంటాను. శుక్రవారం మీకు చూపిస్తాను" అని నాలుగు గీతల కాపీ పుస్తకం కాగితం మీద పెన్సిలుతో రాసింది. శుక్రవారం చూపించింది. రెండు రోజుల లెక్కల్లో ఒకటి తప్పు చేసింది, ఆ ఒక్కటీ నా దగ్గర కూర్చుని సరిచేసుకుంది. ఆ అమ్మాయి హాజరు 75కు తక్కువే ఉండి ఉండవచ్చు. బాధ్యత అనే మాటకు అర్థం అడిగితే నేను ఆ కాగితమే చూపిస్తాను. రాకపోవడం ఎప్పుడైనా తప్పకపోవచ్చు, చెప్పకుండా రాకపోవడం, వచ్చాక పోయిన పాఠం గురించి అడగకపోవడం, పక్కవాడు రానప్పుడు వాడి గొంతుతో 'ప్రెజెంట్ సార్' అని పలకడం, భోజనం చేసి మధ్యాహ్నం గోడ దూకడం తప్పించుకోగలిగినవి. ఈ తేడాను పిల్లలకు విడమరిచి చెబితే వాళ్లు ఒప్పుకుంటారు.

ఆలస్యంగా వచ్చే పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రార్థన అయ్యాక గేటు మూసేసి ఆలస్యంగా వచ్చినవాళ్లను ఎండలో నిలబెట్టడం ఇంకా కొన్నిచోట్ల క్రమశిక్షణగా చెలామణి అవుతోంది. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అంతకన్నా ముఖ్యంగా, రెండు పీరియడ్లు బయట నిలబడిన పిల్లవాడు మరుసటి రోజు ఆలస్యమైతే అసలు రాడు. మూడు ఊళ్లకు కలిపి ఒకే పల్లెవెలుగు బస్సు ఉన్నచోట బస్సు రాని రోజున బడికి నడిచి వచ్చిన పిల్లవాణ్ని గేటు బయట ఆపే హక్కు ఎవరికీ లేదు. నిద్ర లేవక ఆలస్యమైన వాడికీ బస్సు రాక ఆలస్యమైన వాడికీ తేడా తెలుసుకోవాలంటే మళ్లీ ఆ ఒక్క ప్రశ్నే అడగాలి.

ఆడపిల్లల గైర్హాజరు విషయంలో ఈ ప్రశ్న ఇంకా త్వరగా అడగాలి. నెలకు మూడు నాలుగు రోజులు వరుసగా రాని అమ్మాయి విషయంలో బడిలో మరుగుదొడ్డికి నీళ్లు ఉన్నాయా, తలుపుకు గడియ ఉందా అని చూడాలి. ఇది ఆమె బాధ్యత కాదు, మన బాధ్యత. వరుసగా వారం రోజులు రాకుండా, స్నేహితురాళ్లు కూడా కారణం చెప్పకుండా తప్పించుకుంటే, ఇంటికి వెళ్లడానికి ఆదివారం దాకా ఆగకూడదు. నా సర్వీసులో రెండుసార్లు అలా వెళ్లిన రోజున ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. ఒకసారి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి, అధికారులను పిలిపించి ఆపగలిగాం. ఆ అమ్మాయి కస్తూర్బా విద్యాలయంలో చేరి పది పాసైంది. రెండోసారి మేము వెళ్లేసరికి గైర్హాజరు పన్నెండో రోజు. పెళ్లి అంతకు మూడు రోజుల ముందే అయిపోయింది. మూడో రోజున వెళ్లి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకే నేను అడుగుతున్నది 75 శాతాన్ని 85 చేయమనో 65 చేయమనో కాదు. ఏడాది చివర చూసే శాతంతో పాటు, దానికి ముందుగా, వరుస గైర్హాజరును చూడండి. ఉన్నత పాఠశాలలో ఏ విద్యార్థి అయినా కారణం తెలియకుండా వరుసగా మూడు రోజులు రాకపోతే తరగతి ఉపాధ్యాయుడు గానీ, విద్యా కమిటీలోని ఒక తల్లి గానీ ఆ ఇంటి తలుపు తట్టాలి. విద్యా కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెప్పింది, వాళ్లకు సంతకాలు పెట్టే పని తప్ప ఇంకేదీ మనం ఇవ్వడం లేదు. యాప్‌లో హాజరు వేసేచోట కారణం రాసే గడి ఒకటి పెట్టండి, సుగ్గి అన్న మాట అందులో ఒక కారణంగా ఉండనివ్వండి. సుగ్గికి వెళ్లిన పిల్లవాడు గుంటూరు వైపు ఏ ఊరి బడిలో కూర్చున్నా ఆ రోజు వాడి హాజరు సొంత బడిలో పడేటట్టు చూడండి, పేరు కొట్టేస్తారన్న భయం తల్లులకు పోతుంది. సీజనల్ హాస్టళ్లు సంక్రాంతి తర్వాత కాదు, నవంబరులోనే తెరవండి, తొమ్మిది, పది తరగతుల పిల్లలను వాటిలో ముందుగా చేర్చుకోండి. నిజం రాసినందుకు ఏ ఉపాధ్యాయుడికీ సంజాయిషీ నోటీసు రాకూడదు, ఏ బడి గ్రేడూ తగ్గకూడదు. హాజరు తగ్గిన బడిని దోషిగా కాక సాయం కావలసిన బడిగా చూసే రోజు వస్తేనే పట్టీలో ఎర్ర సిరా కనిపిస్తుంది.

తల్లులకు ఇచ్చే సాయం విషయంలో ఒక మాట. హాజరు తగ్గిన పిల్లవాడి తల్లికి డబ్బు ఆపేస్తే సుగ్గి బండి ఎక్కడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఆపడానికి ముందు ఆ ఇంటికి ఒకరు వెళ్లి, పిల్లవాణ్ని హాస్టల్‌లో వదిలితే సాయం ఆగదని చెప్పాలి. ఇది అసాధ్యమైన పని కాదు. ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో తొంభైల నుంచి ఇంటింటికీ తిరిగి, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి, మళ్లీ బడుల్లో చేర్చారు. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ పనిలో ఉన్నట్టే లెక్కవేయాలన్నది వాళ్ల సూత్రం. మనం బడి బయట ఉన్న పిల్లవాణ్ని బడిలో ఉన్నట్టు లెక్కవేస్తున్నాం.

ప్రస్తుతం పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. మీకు బోధన కాక ఎన్ని పనులు ఉన్నాయో నాకు తెలుసు. అయినా ఈ నెల చివరి రోజున ఒక్క పీరియడు తీసి, మీ పిల్లల చేత వాళ్ల హాజరు వాళ్లనే లెక్క కట్టించండి, కారణం రాయించండి. తెలుగు ఉపాధ్యాయులైతే సెలవు చీటీని లేఖారచనలో భాగంగా నిజంగానే రాయించండి, పుస్తకంలోది చూసి కాదు.

సంపాదకులు ఈ లేఖను అక్టోబరు దాటకుండా ప్రచురిస్తే మేలు. దీపావళి తర్వాత మా ఊళ్లకు బండ్లు వస్తాయి. అప్పటికి సుగ్గికి వెళ్లబోయే పిల్లల పేర్లు ప్రతి బడిలోనూ రాసి ఉంటే, హాస్టల్ తాళాలు తీయడానికి సమయం ఉంటుంది. నా పాత తరగతి పట్టీలోని ఆ పదకొండు పేర్లూ నా దగ్గర ఉన్నాయి. వాళ్లలో ఏడుగురి పిల్లలు ఇప్పుడు మా చుట్టుపక్కల బడుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువుతున్నారు. ఈ ఏడాది ఆ ఏడు ఇళ్లకూ నేనే వెళ్లి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా.